‘లాప్’ పేరు మీద సాగిన పాలన

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తరాన, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో తరతరాలుగా ఉంటున్న ప్రజలు తమను సామీలని చెప్పుకుంటారు. ఇరుగుపొరుగు జాతులు మాత్రం వాళ్ళను నార్వేలో ఫిన్‌లనీ స్వీడన్‌లో లాప్‌లనీ పిలుస్తూ వచ్చాయి. ఈ రెండో పేరు ఇవాళ తిట్టుతో సమానం. ఎందుకు తిట్టయిందో తేల్చడానికి చాలామంది దాని వ్యుత్పత్తిని తవ్వారు. కానీ ఆ అవమానం మాట పుట్టుకలో లేదు. ఎవరికి ఏ హక్కు ఉండాలో, ఎవరికి ఉండకూడదో ఆ మాటను అడ్డం పెట్టుకుని స్వీడన్ ప్రభుత్వం నిర్ణయించిన తీరులో ఉంది.

మొదట్లో ఈ పేర్లు పన్ను కట్టేవాళ్ళ పేర్లు. తొమ్మిదో శతాబ్దం చివర ఓట్టర్ అనే నార్వే ప్రముఖుడు ఇంగ్లండ్ రాజు ఆల్ఫ్రెడ్‌కు తన సంపద గురించి చెబుతూ, ఫిన్‌లు తనకు జంతుచర్మాలు, పక్షి ఈకలు, ఓడతాళ్ళు కప్పంగా ఇస్తారన్నాడు. తరవాతి కాలంలో స్వీడన్ రాజ్యం సామీ కుటుంబాల నుంచి ‘లాప్ పన్ను’ వసూలు చేసింది. పన్ను కట్టిన భూమి మీద ఆ కుటుంబాల వారసత్వాన్ని కోర్టులు గుర్తించాయి కూడా. 1751లో స్వీడన్‌కూ, డెన్మార్క్ ఏలుబడిలోని నార్వేకూ మధ్య సరిహద్దు గీసినప్పుడు ఒప్పందానికి జతచేసిన ‘లాప్ కోడిసిల్’ రెయిన్‌డీర్ మందలతో ఆ గీత దాటే పాత హక్కును కాపాడింది. ఆ పత్రాన్ని సామీలు నేటికీ తమ హక్కులకు ఆధారంగా చూపుతారు. కాబట్టి పాత పత్రాల్లో ఈ మాట తటస్థంగానే ఉందనేవారి వాదనలో నిజం ఉంది. అయితే ఆ నిజం నా వాదననే బలపరుస్తుంది: పేరు మారకుండానే పాలన మారింది.

ఆ మార్పు 1886 చట్టంతో స్పష్టమైంది. కుటుంబాల వారసత్వ భూముల స్థానంలో ‘లాప్‌బీ’ అనే ఉమ్మడి మేత సంఘం వచ్చింది. 1913లో పెట్టిన సంచార పాఠశాలలు కొండల్లో మందలు మేపేవారి పిల్లలకు గుడారాల్లో కొద్దిపాటి చదువు మాత్రమే చెప్పాయి. స్థిరనివాసపు సుఖాలకు అలవాటు పడితే మందలు వదిలేస్తారన్నది అధికారుల భయం. మిగిలిన సామీ పిల్లల్ని స్వీడిష్ బడుల్లో కలిపేశారు. ‘లాప్ లాప్‌గానే ఉండాలి’ అన్నది ఆనాటి విధానం. 1922లో ఉప్సలాలో నెలకొన్న జాతి జీవశాస్త్ర సంస్థ సామీల తలలు కొలిచి ఈ విభజనకు శాస్త్రం ముసుగు వేసింది. 1928 చట్టం వేట, చేపల హక్కుల్ని మందలున్నవారికే పరిమితం చేసింది. ఒక జాతి పేరు ఒక వృత్తి పేరుగా కుంచించుకుపోయింది. మంద పోయినవాడు తన పూర్వీకుల వాగులో వల వేసే హక్కును కూడా పోగొట్టుకున్నాడు.

సామీ ఉద్యమ నాయకురాలు ఎల్సా లౌలా 1904లో తన కరపత్రం శీర్షికలోనే ‘లాప్’ అన్న మాట వాడింది కదా అని అడగవచ్చు. ప్రభుత్వానికి అర్జీ పెట్టాలంటే ప్రభుత్వ రికార్డుల్లోని పేరుతోనే పెట్టాలి. ఆమె ఆ పేరుతోనే తనవారికి భూమి కావాలని అడిగింది. పేరు మారిస్తే ఒరిగేదేమిటన్నది ఇంకో ప్రశ్న. దీన్ని తేలిగ్గా తోసేయలేం. 1971 చట్టం ‘లాప్‌బీ’ని ‘సామేబీ’గా మార్చింది కానీ, హక్కును ఆ సంఘ సభ్యత్వానికే కట్టి ఉంచింది. నేటికీ స్వీడన్‌లోని సామీల్లో అత్యధికులు ఏ సామేబీలోనూ సభ్యులు కారు.

అలాగని పేరు చిన్న విషయం కాదు. చిన్న జంతువుల వేటకూ చేపలకూ అనుమతులిచ్చే అధికారం తమదేనని గిర్యాస్ సామేబీ వేసిన కేసులో, ప్రభుత్వ న్యాయవాదులు పాత పేరునే పదేపదే వాడి పండితుల విమర్శకు గురయ్యారు. 2020 జనవరిలో స్వీడన్ సుప్రీంకోర్టు అనాదిగా ఉన్న అనుభవ హక్కును గుర్తించి గిర్యాస్ పక్షాన తీర్పిచ్చింది. చరిత్ర పత్రాల్లో ఉన్న పాత పేరును అక్కడే ఉంచి చదవాలి. చెరిపేస్తే హక్కుకూ అన్యాయానికీ రెండింటికీ సాక్ష్యం పోతుంది. నేటి చట్టంలో, కోర్టులో, బడిలో మాత్రం ఆ ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరే ఉండాలి. ఆ పేరుకు మందలున్నవాళ్ళూ లేనివాళ్ళూ సమాన వారసులైనప్పుడే 1928 నాటి విభజన నిజంగా రద్దయినట్టు.