మాటకి మాట అడ్డొస్తే

ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పరీక్షకి, డేటా లింక్ లేయర్ పాఠంలో, నేను బట్టీ పట్టిన అంకె 18.4 శాతం. ప్యూర్ అలోహా గరిష్ఠ సామర్థ్యం. రెండు మార్కుల ప్రశ్న. అలోహా అంటే ఏదో పొడుగాటి ఇంగ్లిష్ పేరుకి పొట్టి రూపం అనుకున్నాను. అది హవాయి వాళ్ళ పలకరింపు అని తెలిసేసరికి ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళయింది.

1960ల చివర్లో హవాయి విశ్వవిద్యాలయం పెద్ద కంప్యూటర్ ఒఆహూ దీవిలో ఉండేది. వాడుకోవలసిన క్యాంపస్‌లు కొన్ని వేరే దీవుల్లో. మధ్యలో సముద్రం. ఫోన్ లైన్లు ఖరీదు, పైగా గరగర. సర్ఫింగ్ అంటే పిచ్చి ఉన్న ప్రొఫెసర్ నార్మన్ ఏబ్రమ్‌సన్, ఆయన సహచరులు ఫోన్‌ని వదిలేసి రేడియో పట్టుకున్నారు. 1971 జూన్‌లో అలోహానెట్ పని మొదలుపెట్టింది.

రేడియోతో చిక్కేమిటంటే దారి ఒక్కటే, మాట్లాడేవాళ్ళు చాలామంది. వంతులు వేసుకోవడం అప్పటికి తెలిసిన మర్యాద. కానీ టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి ఎక్కువసేపు ఆలోచిస్తాడు, ఎప్పుడో ఒక లైను కొడతాడు. మిగతా వంతంతా వృథా. అందుకని వీళ్ళు వంతులే తీసేశారు. చెప్పాలనిపించినప్పుడు చెప్పెయ్. అందితే అందినట్టు అవతలి నుంచి కబురొస్తుంది. రాలేదా, ఇంకెవరి మాటతోనో గుద్దుకుని పాడైందనుకో. కాసేపాగి మళ్ళీ చెప్పు. ఆ ‘కాసేపు’ ఎంతన్నది ఎవరికి వాళ్ళు చీటీ తీసినట్టు ఎంచుకోవాలి. ఇద్దరూ సమానంగా ఆగితే మళ్ళీ గుద్దుకుంటారు కదా. (వీడియో కాల్‌లో అమ్మా నేనూ ఒకేసారి మొదలెట్టి, ఒకేసారి ఆగి, మళ్ళీ ఒకేసారి ‘సరే, నువ్వు చెప్పు’ అనుకుంటాం. మాకు ఈ చీటీ లేదు.)

ఇలా చేస్తే దారిలో 18.4 శాతమే అక్కరకొస్తుంది. మా పుస్తకం దీన్ని లోపంగానే చెప్పింది. ఎక్కువసేపు మౌనంగా ఉండే మనుషులకి అది సరిపోయిందన్న సంగతి చెప్పలేదు. సముద్రాన్నీ ఖరీదైన ఫోన్లనీ తీసేస్తే మిగిలేది మరి లోపమే!

1972లో రాబర్ట్ మెట్‌కాఫ్ వాషింగ్టన్‌లో స్నేహితుడింట్లో నిద్రపట్టక ఏబ్రమ్‌సన్ వ్యాసం చదివాడు. అప్పటికే హార్వర్డ్ ఆయన డాక్టరేట్ థీసిస్‌ని తిప్పికొట్టింది. వ్యాసంలో ఒక ఊహ ఆయనకి మింగుడుపడలేదు. జవాబు రాకపోయినా మనుషులు టైపు చేస్తూనే ఉంటారని అందులో లెక్క. ఎవరు చేస్తారలా? జవాబు కోసం ఆగే మనుషులతో లెక్క మళ్ళీ కట్టాడు. ఆ పని చేరిస్తే థీసిస్ గట్టెక్కింది. గణితం తప్పు కాదు, అందులో మనిషే తప్పు. ఈ కథలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

1973 మే 22న జిరాక్స్ పరిశోధనశాలలో ఆయన రాసిన మెమోలో ఈథర్‌నెట్ అన్న పేరుంది. ఈథర్ అంటే కాంతిని మోస్తుందని ఒకప్పుడు నమ్మిన, లేదని తేలిపోయిన పదార్థం. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని తీగ మీద నిలబెట్టాడు. ఇందులో మాట్లాడేముందు వినాలి, మాట్లాడుతూ కూడా వినాలి, గుద్దుకుంటే వెంటనే నోరు మూసుకోవాలి. గుద్దుకున్న కొద్దీ, ఆగే సమయాన్ని ఎంచుకునే అవధి రెట్టింపవుతుంది. పదహారు సార్లు ప్రయత్నించినా కుదరకపోతే వదిలెయ్యాలి.

చాలామందికి ఇది రుచించలేదు. ఎంతసేపట్లో వంతొస్తుందో హామీ ఇవ్వని పద్ధతి ఫ్యాక్టరీలో ఎలా పనికొస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఐబీఎం వెనకేసుకొచ్చిన టోకెన్ రింగ్‌లో టోకెన్ చేతికొచ్చినవాళ్ళే మాట్లాడాలి. క్రమశిక్షణ అటువైపు, చవక ఇటువైపు. చవకే గెలిచింది.

తర్వాత స్విచ్‌లు వచ్చి ప్రతి కంప్యూటర్‌కీ విడి దారి ఇచ్చాయి. ఇవాళ ఆఫీసు ఈథర్‌నెట్ తీగలో గుద్దుకోవడమే లేదు. పేరు మాత్రం మిగిలింది. ఆ గొడవంతా మళ్ళీ గాల్లోకి, వైఫైలోకి వెళ్ళింది. రేడియో తాను మాట్లాడుతుండగా ఇతరుల్ని వినలేదు, సొంత గొంతే దాని చెవులు మూసేస్తుంది. అందుకని వైఫై ముందే చీటీ తీసి కాస్త ఆగుతుంది, పంపాక అందినట్టు కబురు కోసం చూస్తుంది. రాకపోతే, 1971లో ఒఆహూలో చేసినట్టే, ఇంకో చీటీ తీసి మళ్ళీ పంపుతుంది.