మానవ హక్కుల పరిరక్షకుల ప్రకటన

'''మానవ హక్కుల పరిరక్షకుల ప్రకటన''' అనునది ఇతరుల హక్కుల కొరకు శాంతియుతంగా పాటుపడేవారి రక్షణార్థం ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1998 డిసెంబరు 9న ఆమోదించిన తీర్మానం (సంఖ్య 53/144). విశ్వ మానవ హక్కుల ప్రకటనకు ఆ మరునాటికి 50 సంవత్సరాలు నిండాయి. ముసాయిదా రచన 1984లో మొదలైంది.

== ఎవరు పరిరక్షకులు? ==
"పరిరక్షకులు" అన్న పదం ప్రకటన పాఠంలో లేదు. ఒంటరిగా గాని, ఇతరులతో కలిసి గాని హక్కుల కొరకు కృషి చేసే ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుంది. న్యాయవాది, పాత్రికేయుడు, కార్మిక నాయకుడే కాక తమ భూమి కొరకు నిలబడిన గ్రామస్తులు కూడా ఈ కోవలోకి వస్తారు. పదవిని బట్టి గాక చేసే పనిని బట్టి ఈ గుర్తింపు లభిస్తుంది.

== ముఖ్యాంశాలు ==
ప్రకటనలో 20 అధికరణాలున్నాయి. వానిలో ముఖ్యమైనవి:
* 5వ అధికరణం: సమావేశమయ్యే, సంఘాలు స్థాపించుకొనే హక్కు.
* 12వ అధికరణం: హింస, బెదిరింపు, ప్రతీకార చర్యల నుండి వీరిని ప్రభుత్వం కాపాడాలి.
* 13వ అధికరణం: హక్కుల కృషికి నిధులు కోరి, స్వీకరించి, వినియోగించే హక్కు.

ఇది ఒప్పందం కాదు గనుక దేశాలను చట్టపరంగా బంధించదు. అయితే ఇందులోని హక్కులలో అనేకం 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో ఉన్నవే.

== ఎదురవుతున్న ఆంక్షలు ==
రష్యా 2012లో "విదేశీ ఏజెంట్ల" చట్టం చేసింది. 2021 డిసెంబరులో అక్కడి సుప్రీం కోర్టు మెమోరియల్ సంస్థ రద్దుకు ఆదేశించింది. బెలారస్‌కు చెందిన అలెస్ బియాలియాత్‌స్కీ 2022లో నోబెల్ శాంతి బహుమతి ప్రకటించే నాటికి చెరసాలలో ఉన్నాడు. భారతదేశంలో విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుండి 20 శాతానికి తగ్గించి, ఆ నిధులను మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. దీనితో పెద్ద సంస్థల ద్వారా చిన్న సంస్థలకు విదేశీ నిధులు చేరే మార్గం మూసుకుపోయింది.

== సహాయ మార్గాలు ==
ఐక్యరాజ్య సమితి 2000లో ప్రత్యేక ప్రతినిధి పదవిని ఏర్పరచి పాకిస్తాన్ న్యాయవాది హీనా జిలానీని నియమించింది. ఈ పదవిలోనివారు ఫిర్యాదులపై ప్రభుత్వాలకు లేఖలు వ్రాస్తారు. ఐరోపా సమాఖ్య 2004 మార్గదర్శకాల ప్రకారం రాయబార కార్యాలయాలు విచారణలకు పరిశీలకులను పంపవచ్చు. డబ్లిన్‌లో 2001లో స్థాపితమైన ఫ్రంట్ లైన్ డిఫెండర్స్ అత్యవసర ఆర్థిక సహాయం చేస్తుంది.

== తెలుగునాట ==
ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు, పిల్లల వైద్యుడు ఎ.రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో కాల్చి చంపబడ్డాడు. అప్పటికి ఈ ప్రకటన లేదు. ఆ సంఘంలో దీర్ఘకాలం పనిచేసిన కె.బాలగోపాల్ ఇతరులతో కలిసి 1998లో మానవ హక్కుల వేదికను స్థాపించి, 2009లో మరణించేవరకు అందులో కృషి చేశాడు.