కట్టుబడి: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల గ్రామరక్షణ చరిత్రలో ఒక పదం

నేటి తెలుగులో ‘కట్టుబడి’ అంటే ఇచ్చిన మాట మీద నిలబడడం. పందొమ్మిదో శతాబ్దపు రాయలసీమలో అది ఒక వృత్తివర్గం పేరు కూడా. స్వల్పశిస్తుపై మాన్యం అనుభవిస్తూ, అందుకు బదులుగా ఊరికి కావలి కాసి, దొంగలను పట్టడంలో సర్కారుకు తోడ్పడినవారే కట్టుబడులు. ఈ పదంలోని బంధం ఏకపక్షమైనది కాదని ఈ ప్రాంత చరిత్ర నిరూపిస్తుంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కలెక్టరు థామస్ మన్రో పాళెగాళ్ల సైనికబలాన్ని అణచి, వారిలో పలువురిని పింఛనుదారులుగా మార్చాడు. పాళెగాళ్ల పెత్తనం పోయినా కట్టుబడులు మిగిలారు. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు, తలారికి పోలీసు బాధ్యతలు అప్పగించాయి. జీతాల పోలీసు దళం లేని ఆ కాలంలో శాంతిభద్రతలకు ఆధారం ఊరివారే.

అయితే కట్టుబడి మరణిస్తే అతని మాన్యాన్ని వారసులకు ఇవ్వక సర్కారు స్వాధీనం చేసుకోవాలన్న నిర్ణయం వారిలో ఆందోళన రేపింది. అదే కాలంలో, ఆళ్లగడ్డకు సమీపంలోని ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి, నెలకు పదకొండు రూపాయల పైచిలుకు పింఛనుతో, అసంతృప్తితో ఉన్నాడు. 1846లో ఆయన తిరుగుబాటు లేవదీసినప్పుడు కట్టుబడులు ఆయన పక్షాన చేరారు. కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. ఖజానాకు రక్షణగా ఉండవలసిన వర్గమే దానికి ఎదురు తిరిగింది. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఈ తిరుగుబాటును ఒక్క వీరుని కథగానే చూస్తే కట్టుబడుల వేదన మరుగున పడుతుంది. వారికి మాన్యం కేవలం ఆదాయం కాదు. తండ్రి చేసిన సేవను కొడుకు కొనసాగిస్తాడన్న నమ్మకానికి గుర్తు. సేవను కోరిన ప్రభుత్వం ఆ నమ్మకాన్ని కాదన్నప్పుడు కట్టు తెగింది.

1859 చట్టంతో మద్రాసు రాజ్యంలో జీతాల పోలీసు వ్యవస్థ ఏర్పడింది. అయినా పౌరుల తోడ్పాటు అవసరం తీరలేదు. 1962 చైనా యుద్ధం తరువాత దేశమంతటా విస్తరించిన హోంగార్డుల వ్యవస్థ చట్టరీత్యా స్వచ్ఛందదళమే. వారికి ముట్టేది జీతం కాదు, దినభత్యం. సేవకు తగిన భద్రత ఏది అన్న కట్టుబడుల ప్రశ్న నేటికీ సజీవమే. మాటకు కట్టుబడవలసింది సేవకుడు మాత్రమే కాదు, సేవ పొందే రాజ్యం కూడా.