నీలగిరి ట్రౌట్, మన చెరువు చేప



మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల వాళ్ళకు రెండు రోజులు సెలవు కలిసివస్తే ముందుగా గుర్తొచ్చే చల్లని చోటు ఊటీ. శుక్రవారం రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం ఉదయానికి మేట్టుపాళయం చేరుకుంటాం. అక్కడి నుండి కొండ రైలు. తోటలు చూసి, సరస్సులో పడవెక్కి, ఆదివారం తిరుగు ప్రయాణం కడతాం. అయితే ఆ కొండల్లోని వాగులకు గాలం పట్టుకుని వెళ్ళేవారు కూడా చాలాకాలంగా ఉన్నారు. వారు వెతికే చేప పేరు ట్రౌట్. అది ఆ కొండల మీదికి ఎలా ఎక్కింది? ఆ కథతో మన ఊరి చెరువుకు సంబంధం ఏమిటి? ఈ ప్రసంగంలో ఆ సంగతి చెప్పుకుందాం.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రౌన్ ట్రౌట్ ఐరోపా చేప. ఒంటి పక్కన ఎర్రని చార ఉండే రెయిన్‌బో ట్రౌట్ ఉత్తర పసిఫిక్ తీరపు నదుల్లోది. రెండింటికీ చల్లగా, తేటగా పారే నీరు కావాలి. దీనికి కారణం ప్రాణవాయువు. 10 డిగ్రీల చల్లని నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. అదే నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే ఏడున్నర మిల్లీగ్రాములే మిగులుతుంది. మన కొర్రమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కనుక, ఎండిపోతున్న గుంటలో కూడా బురదలో కొంతకాలం బతుకుతుంది. ట్రౌట్‌కు ఆ శక్తి లేదు.

ఇంగ్లండులో వాగుల ఒడ్డున గాలం వేయడం అలవాటైన దొరలకు నీలగిరిలో చలి దొరికింది, వాగులు దొరికాయి, చేప మాత్రం దొరకలేదు. 1860 దశకంలో ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు వైద్యుడు ట్రౌట్‌ను ఇక్కడికి తేవాలని పూనుకున్నాడు. తరువాత భారతదేశపు చేపలన్నిటి మీద పెద్ద గ్రంథం రాసినవాడు ఈయనే. అంతటి పండితుడి ప్రయత్నం కూడా ఫలించలేదు. గుడ్లను వారాల తరబడి ఓడలో, ఉష్ణమండలపు వేడిలో, చెడకుండా తేవాలి మరి. 1864లో నార్ఫోక్ అనే ఓడలో ట్రౌట్, సాల్మన్ గుడ్లను నాచులో పొదిగి, మంచుగడ్డల మధ్య పెట్టి ఆస్ట్రేలియా చేర్చారు. చల్లదనంలో గుడ్డు ఎదుగుదల నెమ్మదిస్తుంది. అందుకే అన్నాళ్ళ ప్రయాణంలోనూ అది నిలుస్తుంది. కాశ్మీరుకు 1899లో పంపిన మొదటి గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో మళ్ళీ పంపినవే నిలిచాయి.

చేప ఇంకా నిలవకముందే నీలగిరికి చట్టం వచ్చింది. వేట జంతువులను, చేపలను రక్షించేందుకు అక్కడ 1879లో ప్రత్యేక చట్టం చేశారు. వేటకు అనుమతి పత్రాలు, నిషిద్ధ కాలాలు వచ్చాయి. రక్షణ మంచిదే. కానీ అనుమతి పత్రం, ఖరీదైన గాలం, తీరిక, మూడూ ఎవరి దగ్గర ఉండేవో మీరే ఊహించగలరు.

చివరికి 1907 ప్రాంతంలో హెచ్. సి. విల్సన్ అనే అధికారి అవలాంచిలో గుడ్లు పొదిగించే కేంద్రం నెలకొల్పి, రెయిన్‌బో ట్రౌట్‌ను నిలబెట్టాడు. వాగుల్లోకి, తరువాత కట్టిన జలాశయాల్లోకి పిల్లలను వదిలారు. ఈకలు, దారం కలిపి కొక్కేనికి కట్టిన దొంగ ఈగను నీటిమీద ఆడించి, దాన్ని పట్టడం పెద్ద వినోదమైంది. అయితే ట్రౌట్ మాంసాహారి. పురుగులనే కాక చిన్న చేపలను కూడా తింటుంది. మనిషి సరదా కోసం తెచ్చిన అతిథి అక్కడి పాత కాపురస్తుల మీద పడింది.

ఇక మన చెరువు సంగతికి వద్దాం. మద్రాసు రాష్ట్రంలో మత్స్యశాఖ ఏర్పడింది కూడా 1907లోనే. సర్ ఫ్రెడరిక్ నికల్సన్ దాన్ని తీర్చిదిద్దాడు. ఆయన దృష్టి వినోదం మీద కాదు, జనం తిండి మీద. 1911లో కర్నూలు దగ్గర సుంకేసులలో చేపల క్షేత్రం వెలిసింది. కృష్ణా గోదావరుల్లో ఉండే బొచ్చె చేపను కావేరికి తీసుకెళ్ళి వదిలారు. 

బొచ్చె, శీలావతి నిలిచిన చెరువు నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారుదల కావాలి. అందువల్ల ఒకప్పుడు నదుల్లో పిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు చేప మెదడు దగ్గరి గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాడు. జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే. ట్రౌట్ కొందరి సరదాగా ఉండిపోయింది. చెరువు చేప లక్షల ఇళ్ళకు కూర అయింది.

తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో, నీటిని యంత్రాలతో చల్లబరిచి, శుభ్రం చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ట్రౌట్‌ను పెంచే క్షేత్రం కూడా వచ్చింది. అంటే విషయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ముందు నీరు కుదరాలి, తరువాతే చేప.

మన కుశస్థలి నీళ్ళు 1944లో కట్టిన పూండి జలాశయంలో చేరుతున్నాయి. 1996 నుండి కృష్ణ నీళ్ళు కూడా కాలువ వెంట అక్కడికే వస్తున్నాయి. ఊరూరా చెరువులున్నాయి. నీలగిరి వెళ్ళినప్పుడు అనుమతి ఉన్న చోటనే గాలం వేయండి. తిరిగి వచ్చాక మీ ఊరి చెరువు గట్టు మీద కాసేపు నిలబడి చూడండి. నీరు వచ్చే కాలువ పూడిపోయిందా? మురుగు కలుస్తోందా? కబ్జా పెరిగిందా? నీలగిరిలో వేట జంతువులను, చేపలను కాపాడడానికి ఆనాటి ప్రభుత్వం చట్టమే చేసింది. మన చెరువు కోసం గ్రామసభలో ఒక మాట అడగడం మనకు కష్టం కాకూడదు.