సైక్లింగ్ జట్టుతో యూరప్ వెళ్తున్నారా? 90 రోజుల వీసా లెక్క మీరే వేసుకోవాలి

యూరప్‌లో రేసులాడే ప్రొఫెషనల్ సైక్లింగ్ జట్టులో రైడర్‌గానో, మెకానిక్‌గానో, మసాజ్ చేసే సహాయకులుగానో మీకు అవకాశం వచ్చిందా? టికెట్లు, హోటల్, బస్సు, భోజనం జట్టు చూసుకుంటుంది. కానీ వీసా గడువు దాటితే జవాబు చెప్పాల్సింది మీరే. జట్టులో ఎక్కువమందికి యూరప్ పాస్‌పోర్టులే ఉంటే, మీ గడువు సంగతి మేనేజర్‌కు గుర్తుండకపోవచ్చు కూడా.

ఏ వీసా కావాలి?

ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, బెల్జియం సహా 29 దేశాల్లో చెల్లేది షెంజెన్ వీసా. తక్కువ కాలం ఉండేవారికి ఇచ్చేది సి రకం. పెద్దలకు ఫీజు 90 యూరోలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, ఒక్కోసారి 45 రోజుల వరకూ వెళ్తుంది.

జట్టు లేదా రేసు నిర్వాహకుల ఆహ్వాన పత్రం, రేసుల తేదీలు, కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా జత చేయండి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి. బీమా తీసుకునేటప్పుడు ప్రొఫెషనల్ రేసులో జరిగే ప్రమాదానికి వర్తిస్తుందో లేదో తప్పక చూడండి. జీతం తీసుకుని పనిచేసేవారికి విడిగా పని అనుమతి కావాలా అన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఆ మాట జట్టు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

90 రోజులను ఎలా లెక్కించాలి?

ఏ రోజు చూసినా, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజుల్లో మీరు షెంజెన్‌లో ఉన్నవి 90 రోజులు దాటకూడదు. దేశానికి 90 కాదు, 29 దేశాలకూ కలిపి 90. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. వీసా మీద ఏడాది గడువు ఉన్నా ఈ పరిమితి మారదు.

ఉదాహరణకు ఒక మెకానిక్ జనవరి 10 నుంచి ఫిబ్రవరి 8 వరకు స్పెయిన్ శిక్షణ శిబిరంలో ఉన్నారనుకుందాం. అవి 30 రోజులు. మార్చి 10 నుంచి ఏప్రిల్ 18 వరకు బెల్జియం రేసులు, మరో 40. మే 4న ఇటలీలో దిగితే, మే 23తో 90 నిండిపోతాయి. మూడు వారాల జీరో డి ఇటాలియా అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ రోజే ఇంటికి బయల్దేరినా, జనవరి నాటి రోజులు లెక్కలోంచి జారడం మొదలయ్యేది జులై 9న. అంటే జూన్ చివర్లోనో, జులై మొదట్లోనో ఆరంభమయ్యే టూర్ డి ఫ్రాన్స్‌కూ సమయానికి చేరలేరు.

గడువు దాటి ఉంటే జరిమానా పడొచ్చు, కొన్నేళ్లు ప్రవేశ నిషేధమూ పెట్టొచ్చు. 2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో రాకపోకలను వేలిముద్రలు, ఫొటోతో కంప్యూటర్‌లో నమోదు చేసే విధానం మొదలైంది. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో రోజుల లెక్క చూపే ఉచిత కాలిక్యులేటర్ ఉంది. టికెట్ బుక్ చేసే ముందు అందులో తేదీలు వేసి చూసుకోండి.

సీజన్ మొత్తం ఉండాలంటే?

జట్టు కేంద్రం ఉన్న దేశం ఇచ్చే డి రకం దీర్ఘకాలిక వీసా లేదా నివాస అనుమతి కావాలి. ఆ దేశంలో గడిపే రోజులు 90లోకి రావు. మిగతా షెంజెన్ దేశాల్లో మాత్రం 90 రోజుల పరిమితి అలాగే ఉంటుంది. ఒప్పందంపై సంతకం చేసే ముందే ఈ మాట తేల్చుకోండి.

రేసు సరిహద్దు దాటితే?

2025లో జీరో అల్బేనియాలో మొదలైంది, వుయెల్టా అండోరా మీదుగా వెళ్లింది. ఈ రెండూ షెంజెన్‌లో లేవు. 2027 టూర్ బ్రిటన్‌లో మొదలవుతుంది, దానికి విడిగా వీసా కావాలి. షెంజెన్ దాటి మళ్లీ లోపలికి రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. దరఖాస్తులోనే అది అడగండి.

సైకిల్, బ్యాటరీలు ఎలా?

ఖరీదైన సైకిల్‌ను ఇక్కడి నుంచి తీసుకెళ్తుంటే, బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఫ్రేమ్ నంబరు అందులో ఉండేలా చూసుకోండి. తిరిగొచ్చినప్పుడు సుంకం పేచీ ఉండదు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి. గాలి నింపే సీవోటూ సిలిండర్ల గురించి విమాన సంస్థను ముందే అడగండి.

మందుల సంగతేంటి?

మందుల చీటీపై జనరిక్ పేర్లు ఉండేలా చూసుకుని, మందులతో పాటే ఉంచండి. రైడర్లకు ఇంకో జాగ్రత్త కావాలి. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ పరిమితి దాటితే పోటీల సమయంలో డోపింగ్ కిందికి వస్తుంది. నొప్పికి వాడే ట్రమడాల్‌పై పోటీల్లో నిషేధం ఉంది. నిషిద్ధ మందు చికిత్సకు తప్పనిసరైతే టీయూఈ అనే అనుమతికి ముందే దరఖాస్తు చేయాలి. డాక్టర్ రాసిచ్చినా, పరీక్షలో దొరికితే బాధ్యత రైడర్‌దే.

పాస్‌పోర్టు పోతే?

ముందు స్థానిక పోలీసులకు ఫిర్యాదు చేయండి, ఆ కాపీతో భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికే పనికొస్తుంది, తర్వాతి రేసుకు కాదు. అందుకే పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు ఫోన్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. అత్యవసరమైతే యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 112కు ఫోన్ చేయొచ్చు.