మరుగుదొడ్డి భయం – దాని వెనుక కథ



బస్టాండు మరుగుదొడ్డి ముందు నిలబడి, గొళ్ళెం ఏ వేలితో తీయాలా అని తటపటాయించనివారు మనలో ఎందరున్నారు? కొంగు అడ్డం పెట్టుకొని తలుపు తోసేవారు కొందరు. ఊరు చేరేదాకా బిగబట్టుకొని కూర్చునేవారు మరికొందరు. బోర్డు మీద కన్నడంలో 'శౌచాలయ' అని రాసినా, తమిళంలో 'కళిప్పిడం' అని రాసినా, అది చూడగానే మన మొహాల్లో కనిపించే చిరాకు మాత్రం ఒకటే. ఈ భయానికీ ఒక చరిత్ర ఉంది.

1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ అనే ఆయన నీళ్ళతో శుభ్రమయ్యే మరుగుదొడ్లు కట్టించాడు. తలకు ఒక పెన్నీ చొప్పున ఇచ్చి ఎనిమిది లక్షల మందికి పైగా వాడుకున్నారట. అప్పట్లో జనం భయం ముట్టుకోవడం గురించి కాదు, వాసన గురించి. చెడుగాలి వల్లనే రోగాలు వస్తాయని పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. పాశ్చర్ పరిశోధనల తరువాత, 1884లో కోక్ కలకత్తాలో కలరా క్రిమి సంగతి తేల్చిన తరువాత, ఆ భయం ముక్కు నుంచి చేతికి దిగింది. కంటికి కనబడని క్రిమి ఎక్కడైనా ఉండవచ్చు గదా!

గనేరియా క్రిమిని 1879లో నైసర్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టాడు. మన పల్లెల్లో సెగరోగమంటారే, అదే. పెద్దవాళ్ళకు అది ఎలా సోకుతుందో అందరికీ తెలిసిందే. కానీ సూక్ష్మదర్శిని వచ్చాక, అమెరికాలో చిన్నచిన్న ఆడపిల్లల్లో కూడా ఈ రోగం బయటపడసాగింది. మర్యాదస్తుల ఇళ్ళ పిల్లల్లోనూ కనబడేసరికి వైద్యులు ఇరుకున పడ్డారు. ఇంట్లోని మగవాళ్ళను అనుమానించడానికి వారికి నోరు రాలేదు. తువ్వాలు వల్ల వచ్చిందన్నారు, బడి మరుగుదొడ్డి సీటు వల్ల వచ్చిందన్నారు. ముందుభాగం కోసేసిన సీట్లు బళ్ళలో పెట్టించమన్నారు. లిన్ సాకో అనే చరిత్రకారిణి 2009లో వెలువడిన తన పుస్తకంలో ఈ సంగతంతా తవ్వి తీశారు. నింద ఒక చెక్కసీటు మీద పడింది. పిల్లల్ని పాడుచేసినవాడు అదే ఇంట్లో, అదే కంచంలో అన్నం తింటూ ఉండిపోయాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు మింగుడుపడనిది ఇదే.

1979లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అనే వైద్యపత్రికలో ఇద్దరు వైద్యులు ఒక వ్యాసం ప్రకటించారు. పబ్లిక్ మరుగుదొడ్ల సీట్లను పరీక్షిస్తే గనేరియా క్రిమి వారికి దొరకలేదు. ఒంటి బయట, ఆరిన చోట, అది నిలదొక్కుకోలేదు.

మన దగ్గరా ఈ భయం మళ్ళీ తలెత్తింది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు నిర్మల సేకరించిన రక్తాన్ని మన పక్కనే ఉన్న వేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాలలో పరీక్షించినప్పుడే దేశంలో ఎయిడ్స్ క్రిమి తొలిసారి బయటపడింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి, ఒకే మరుగుదొడ్డి వాడినంత మాత్రాన ఎయిడ్స్ రాదు అని గోడల మీద రాసి మరీ చెప్పవలసి వచ్చింది.

అలాగని మురికి మంచిదని కాదు. గొంతుకు కూర్చునే మన దొడ్లలో ఒంటికి సీటే తగలదు, తగిలేవి చెంబు, కుళాయి, గడియ. టైఫాయిడ్, రక్తవిరేచనాలు, ఒక రకం పచ్చకామెర్లు మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి చేరతాయి. చర్మం అడ్డుగోడలాంటిది, నోరు తెరిచిన వాకిలి. సబ్బుతో చేతులు కడుక్కుంటే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

బిగబట్టుకోవడం వల్ల వచ్చే కీడు వేరే ఉంది. దొడ్డికి పోవలసి వస్తుందని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగని ఆడపిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. మూత్రంలో మంట, చీము, జ్వరం ఇలాంటి పిల్లలకు తొందరగా వస్తాయి. అంటే భయపడిన జబ్బు రాలేదు, భయమే జబ్బు తెచ్చింది. ప్రతి బడిలోనూ మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో ఆదేశించింది. మీ పిల్లల బడి మీటింగుకు వెళ్ళినప్పుడు ఒకసారి వెనకవైపు నడిచి చూడండి, లోపలి గడియ పడుతుందా, కుళాయి దగ్గర సబ్బుముక్క ఉందా అని.