ఒక వ్యాధి, ఒక సంకేతం: దీర్ఘకాలిక మూత్రాశయ శోథ, సైబరాబాద్ మెడికల్ కోడింగ్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ ఎలా ఎదిగిందో వివరించగలరు.
• మెడికల్ కోడింగ్ హైదరాబాద్‌కు చేరిన దశలను గుర్తించగలరు.
• రోగి రికార్డుకూ సంకేతానికీ గల సంబంధాన్ని ఉదాహరణతో చెప్పగలరు.

1. పరిచయం

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల కార్యాలయాల్లో పనిచేసే ఎందరో యువతీయువకులు రోజూ అమెరికా రోగుల రికార్డులు చదువుతారు. డాక్టరు రాసిన వ్యాధి పేరును అక్షరాలు, అంకెలతో కూడిన సంకేతంగా మారుస్తారు. ఇదే మెడికల్ కోడింగ్. బీమా సంస్థ డబ్బు చెల్లించడానికీ, ప్రభుత్వం వ్యాధులను లెక్కించడానికీ ఈ సంకేతమే ఆధారం. అయితే ఈ సంకేతం రోగి బాధను ఎంతవరకు చెప్పగలదు? దీర్ఘకాలిక మూత్రాశయ శోథ, అంటే క్రానిక్ సిస్టైటిస్, ఉదాహరణగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2. మరణాల జాబితా నుంచి వ్యాధుల జాబితాకు

1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశంలో ఫ్రాన్సుకు చెందిన జాక్ బెర్తియోఁ ఒక వర్గీకరణను ప్రతిపాదించాడు. అది మరణ కారణాల జాబితా. ప్రాణం తీయకపోయినా ఏళ్ల తరబడి బాధపెట్టే వ్యాధులకు అటువంటి జాబితాలో ప్రాముఖ్యం తక్కువ. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాధ్యత తీసుకుని ఆరవ సవరణ వెలువరించింది. అప్పటి నుంచి మరణాలతో పాటు వ్యాధులు కూడా వర్గీకరణలో పూర్తి స్థాయిలో చేరాయి. తొమ్మిదవ సవరణను అమెరికా తన ఆసుపత్రుల అవసరాలకు అనుగుణంగా విస్తరించి 1979 నుంచి వాడింది. 1983లో అక్కడి మెడికేర్ పథకం, రోగి ఏ వ్యాధి సమూహంలోకి వస్తాడో చూసి ఆసుపత్రికి నిర్ణీత మొత్తం చెల్లించే పద్ధతి తెచ్చింది. దానితో గణాంకాల కోసం పుట్టిన సంకేతం ఆదాయానికి కూడా మూలమైంది.

3. ‘దీర్ఘకాలిక’ అనే మాటలో దాగిన తేడాలు

మూత్రాశయ శోథలన్నీ ఒకటి కావు. బాక్టీరియా వల్ల వచ్చే తీవ్ర శోథ సాధారణంగా యాంటీబయాటిక్ మందులతో తగ్గుతుంది. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్‌లో మాత్రం కల్చర్ పరీక్షలో బాక్టీరియా కనిపించదు. నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం నెలలు, ఏళ్లు సాగుతాయి. ఎక్కువగా స్త్రీలలోనే ఇది గుర్తింపబడుతోంది. ఈ పేరు 19వ శతాబ్దంలోనే వాడుకలోకి వచ్చింది. 1915లో అమెరికా వైద్యుడు గై హన్నర్ ఈ రోగులలో కొందరి మూత్రాశయంలో కనిపించే ప్రత్యేక పుండ్లను వర్ణించాడు. అమెరికా వాడిన తొమ్మిదవ సవరణలో దీర్ఘకాలిక ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్‌కు 595.1, ఇతర దీర్ఘకాలిక సిస్టైటిస్‌కు 595.2 అని వేర్వేరు సంకేతాలు ఉండేవి.

4. సైబరాబాద్‌కు వచ్చిన పని

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ కాలంలో వైద్య రంగం నుంచి భారతదేశానికి వచ్చిన మొదటి పెద్ద పని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికా డాక్టరు మాటలను రికార్డు చేసి పంపితే, అక్కడ రాత్రి గడిచేలోగా ఇక్కడ టైపు చేసి తిరిగి పంపేవారు. ఆ పనివల్ల ఒక తరం యువతకు వైద్య పదజాలం అలవడింది.

2009లో అమెరికా చేసిన ఆరోగ్య సమాచార చట్టానికి పొడి పేరు కూడా ‘హైటెక్’ కావడం యాదృచ్ఛికం. ఆ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు ప్రోత్సాహకాలు ఇచ్చింది. వాక్కును గుర్తించే సాఫ్ట్‌వేర్ కూడా తోడై టైపింగ్ అవసరం తగ్గింది. రికార్డును చదివి సంకేతం ఇచ్చే పని పెరిగింది. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవారికి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు ఈ ఉద్యోగానికి దారి చూపాయి.

5. 2015 మలుపు

రెండుసార్లు వాయిదా పడిన తరువాత, 2015 అక్టోబరు 1న అమెరికా పదవ సవరణకు మారింది. వ్యాధి సంకేతాలు సుమారు 14 వేల నుంచి దాదాపు 70 వేలకు పెరిగాయి. అప్పటికే పనిలో ఉన్న కోడర్లు కూడా మళ్లీ చదవవలసి వచ్చింది. మన ఉదాహరణలో వచ్చిన మార్పును గమనించండి. డాక్టరు రాసిన మాటను బట్టి సంకేతం ఇలా మారుతుంది:

• ‘యూటీఐ’ అని మాత్రమే రాస్తే: ఎన్39.0
• ‘సిస్టైటిస్’ అని మాత్రమే రాస్తే: ఎన్30.90
• ‘క్రానిక్ సిస్టైటిస్’ అని రాస్తే: ఎన్30.20
• ‘ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్’ అని రాస్తే: ఎన్30.10
• దానితో పాటు మూత్రంలో రక్తం ఉందని రాస్తే: ఎన్30.11

6. రాయనిది సంకేతం కాదు

కోడర్ వ్యాధిని నిర్ణయించకూడదు. ల్యాబ్ రిపోర్టులో రక్తకణాలు కనిపించినా, డాక్టరు దాని ప్రాముఖ్యాన్ని రాయనంతవరకు దాన్ని సంకేతంగా మార్చే వీలు లేదు. ఔట్‌పేషెంట్ రికార్డులో ‘ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ కావచ్చు’ అని ఉంటే ఆ వ్యాధి సంకేతం ఇవ్వరాదు. లక్షణాలనే నమోదు చేయాలి. సందేహం ఉంటే డాక్టరుకు ప్రశ్న పంపవచ్చు. అయితే ఆ ప్రశ్నలో జవాబును సూచించకూడదు.

ఒక స్త్రీ మూడేళ్లుగా ఇదే నొప్పితో తిరుగుతోందని, ప్రతిసారీ ‘యూటీఐ’ అనే రాశారని అనుకుందాం. అప్పుడు రికార్డులో కనిపించేది ఒక దీర్ఘకాలిక వ్యాధి కాదు, సంబంధం లేని పది చిన్న జబ్బులు. కల్చర్‌లో ఏమీ రాకపోయినా మందుల చీటీలో మళ్లీ యాంటీబయాటికే ఉంటుంది. గణాంకాలలో ఆమె వ్యాధి లెక్కకే రాదు. మన ఊళ్లలో రోగి చేతిలో ఉండే ఓపీ చీటీకి కూడా ఈ మాట వర్తిస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చెల్లింపు ప్రధానంగా చికిత్స ప్యాకేజీల ప్రకారం జరుగుతుంది. ఓపీలో మాత్రమే తిరిగే రోగి చరిత్ర ఆ చీటీలోని రెండు మాటలపైనే నిలుస్తుంది.

7. సారాంశం

మరణాలను లెక్కించడానికి పుట్టిన జాబితా వ్యాధుల జాబితాగా, తరువాత చెల్లింపుల సాధనంగా మారింది. ఆ మార్పే సైబరాబాద్‌లో ఒక కొత్త వృత్తికి చోటిచ్చింది. సంకేతాలు ఎన్ని పెరిగినా, డాక్టరు రాసిన మాట కంటే అవి ఎక్కువ చెప్పలేవు. రోగి మాటను విని, డాక్టరు స్పష్టంగా రాసినప్పుడే కోడర్ నైపుణ్యానికి విలువ ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1948 నాటి ఆరవ సవరణ ప్రాముఖ్యం ఏమిటి?
2. ట్రాన్స్‌క్రిప్షన్ నుంచి కోడింగ్‌కు మార్పు ఎందుకు జరిగింది?
3. మీ ఇంట్లో ఉన్న ఒక పాత ఓపీ చీటీని పరిశీలించండి. దానిలో వ్యాధి పేరు ఎంత స్పష్టంగా ఉందో ఐదు వాక్యాలలో రాయండి.